రంది తగ్గాలంటే ముందు ఊపిరి, ఆ తర్వాత ఆలోచన

వరంగల్, హన్మకొండ, కాజీపేట ప్రాంతాల్లో మనసు బాగా లేదని ఆ మాటతోనే చెప్పేవాళ్లు తక్కువ. "రంది (దిగులు) పట్టుకున్నది" అంటారు, "బుగులైతున్నది (భయమవుతోంది)" అంటారు, "పాణం నిమ్మళంగ లేదు" అంటారు. ఈ చివరి మాటను నేను చాలా ఏళ్లుగా జాగ్రత్తగా వింటున్నాను. పాణం బాగా లేదంటే జ్వరం కావచ్చు, నడుం నొప్పి కావచ్చు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు వారం రోజులుగా ఫోన్ చేయకపోతే పుట్టిన దిగులూ కావచ్చు. ఒంటికీ మనసుకీ కలిపి ఒకే మాట వాడే ఈ అలవాటు తెలియనితనం కాదు. నా దగ్గరికి యోగా నేర్చుకోవడానికి వచ్చేవారిలో ఎక్కువ మందికి ఆ రెండింటిలో ఏది ముందు చెడిందో విడదీసి చెప్పడం నిజంగానే సాధ్యం కాదు.

యోగానూ, ఆలోచనను పరిశీలించడాన్నీ కలిపిన ఈ పద్ధతిని రాయడానికి కారణం ఉంది. పొద్దున్నే గంటసేపు ఆసనాలు వేసి, ఇంటికి వెళ్లగానే అవే ఆలోచనల్లో కూరుకుపోయేవాళ్లను చూశాను. కౌన్సెలింగ్‌లో తమ సమస్యను చక్కగా అర్థం చేసుకుని కూడా, గుండెదడ మొదలవగానే నేర్చుకున్నదంతా మరిచిపోయేవాళ్లనూ చూశాను. మొదటివారికి ఆలోచనను పరిశీలించడం ఎవరూ నేర్పలేదు. రెండోవారికి దేహాన్ని నెమ్మదింపజేయడం ఎవరూ నేర్పలేదు. యోగా, మనస్తత్వశాస్త్రం రెండూ కలిసి పనిచేయాలంటే వాటి మధ్య ఒక వరుస ఉండాలని, ముందు శరీరం, తర్వాత శ్వాస, ఆ తర్వాత ఆలోచన, చివరికి చేసే పని అన్నదే ఆ వరుస అని నా అనుభవం చెబుతోంది.

ఈ వరుసకు ఆధారం రెండు వైపులా ఉంది. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో, చిత్తం చెదిరినప్పుడు దానితోపాటు పుట్టేవాటిని ఒకేచోట చెప్పారు: దుఃఖం, దౌర్మనస్యం, అవయవాల వణుకు, గతి తప్పిన ఉచ్ఛ్వాస నిశ్వాసాలు. అంటే బాధ, నిరాశ, ఒళ్లు వణకడం, ఊపిరి ఎగబీల్చడం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని అర్థం. ఆధునిక శరీరధర్మశాస్త్రం దీన్నే వేరే భాషలో చెబుతుంది. ప్రమాదం ఉందని మెదడు అనుకున్నప్పుడు అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, శ్వాస పైపైకి వస్తుంది. ఆ స్థితిలో ఉన్న మనిషితో "అంత భయపడాల్సిందేముంది" అని వాదిస్తే ఉపయోగం ఉండదు. ఇల్లు కాలుతున్నప్పుడు లెక్కలు చూసుకునేవారు ఉండరు కదా. అలాగని శరీరం నెమ్మదించాక ఆగిపోతే సగం పనే అవుతుంది. మన బాధకు సంఘటన మాత్రమే కాక, ఆ సంఘటనకు మనం తటాలున ఇచ్చుకునే అర్థం కూడా కారణమని 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ చూపించారు. ఆ అర్థాన్ని కాగితం మీద పెట్టి పరీక్షించడమే ఆయన అభివృద్ధి చేసిన చికిత్సకు పునాది. రెండింటినీ కలపడం కూడా కొత్తేమీ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో జాన్ కబట్-జిన్ 1979లో ప్రారంభించిన ఒత్తిడి నివారణ కార్యక్రమంలో ధ్యానంతోపాటు హఠయోగ ఆసనాలు కూడా ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు

రక్తపరీక్ష చేయించుకోండి. నీరసం, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం అనేవి థైరాయిడ్ లోపం వల్ల, రక్తహీనత వల్ల, బి12 విటమిన్ తక్కువవడం వల్ల కూడా రావచ్చు. ముఖ్యంగా ఆడవారిలో రక్తహీనతను "రంది" అనుకుని ఏళ్ల తరబడి మోస్తున్న సందర్భాలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఛాతీలో నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే అది ఆందోళన అని మీరే తీర్మానించుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మానసిక వైద్యులు రాసిన మాత్రలు వాడుతున్నవారు యోగా మొదలుపెట్టామని వాటిని సొంతంగా ఆపకూడదు. ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, జబ్బు తిరగబెట్టడం వంటివి జరగవచ్చు. ఈ మాటను నేను ప్రతి కొత్త బృందానికీ మొదటి రోజే చెబుతాను. "యోగా చేస్తున్నం కదా సార్, ఇంక గోలీలెందుకు" అన్న ప్రశ్న రాని నెల లేదు.

ఇక కావలసినవి ఒక జంబుఖానా, ఒక గోడ, 100 పేజీల నోటుబుక్కు, ఒక పెన్ను. మన ఎండలు తెలిసినవే కాబట్టి మార్చి నుంచి జూన్ వరకు సూర్యోదయానికి ముందే అభ్యాసం ముగిసేలా చూసుకోవాలి. మిద్దె మీద చేసేవారు ఆ నెలల్లో సాయంత్రం చేయకపోవడమే మంచిది, ఎందుకంటే రాత్రి ఎనిమిదైనా స్లాబు వేడి దిగదు.

మొదటి వారం: పేరు పెట్టడం

మొదటి ఏడు రోజులు ఆసనాలు వేయవద్దు. నోటుబుక్కులో రోజుకు మూడుసార్లు, అంటే లేచాక, మధ్యాహ్నం భోజనానికి ముందు, పడుకునే ముందు, రెండేసి వాక్యాలు రాయండి. మొదటి వాక్యం ఒంటి గురించి: ఎక్కడ బిగుతుగా ఉంది, ఎక్కడ బరువుగా ఉంది, ఊపిరి ఎక్కడి దాకా వెళ్తోంది. రెండో వాక్యం మనసు గురించి, మీ ఇంట్లో వాడే మాటతోనే. డిప్రెషన్, యాంగ్జైటీ అనే మాటలు ఇక్కడ రాయవద్దని కోరుతాను. అవి డాక్టరు నిర్ధారించవలసిన జబ్బుల పేర్లు. వాటిని మనమే తగిలించుకుంటే చూడటం ఆగిపోతుంది. బుగులుకూ రందికీ తేడా ఉంది. బుగులు రాబోయేదాని గురించి, అది ఛాతీలోనూ కడుపులోనూ తెలుస్తుంది. రంది జరిగిపోయినదాని చుట్టూనో, తీరని కోరిక చుట్టూనో తిరుగుతుంది, అది భుజాల్లో, కళ్లలో బరువుగా తెలుస్తుంది. ఇది నా దగ్గర నేర్చుకున్నవారి పుస్తకాలు చదివి నేను గ్రహించిన తేడా. మీకు వేరేలా ఉండవచ్చు, మీ పుస్తకమే మీకు ప్రమాణం.

రాయడం రానివారు, లేదా రోజంతా పత్తి ఏరి, బీడీలు చుట్టి వేళ్లు నొప్పెడుతున్నవారు ఫోన్‌లో తమ గొంతు రికార్డు చేసుకుంటే సరిపోతుంది.

రెండో వారం నుంచి: శరీరం, ఊపిరి

ఇప్పుడు రోజుకు 25 నిమిషాలు కేటాయించండి. నిలబడి తాడాసనంతో మొదలుపెట్టి, పాదాల కింద నేల తగలడాన్ని నిమిషంపాటు గమనించండి. తర్వాత కటిచక్రాసనంలో నడుమును రెండు వైపులా నెమ్మదిగా తిప్పండి, మోకాళ్లు, అరచేతుల మీదికి వచ్చి, పిల్లిలా వీపును పైకీ కిందికీ వంచే మార్జాలాసనం ఎనిమిది పది సార్లు చేయండి, పొట్ట మీద పడుకుని, ఛాతీని పాము పడగలా పైకెత్తే భుజంగాసనం మూడుసార్లు వేసి, మడమల మీద కూర్చుని ముందుకు వంగే శశాంకాసనంలో నుదురు నేలకు లేదా దిండుకు ఆనించి విశ్రాంతి తీసుకోండి. చివరగా గోడకు కాళ్లు ఆనించి వెల్లకిలా పడుకోండి. ఆసనం స్థిరంగానూ సుఖంగానూ ఉండాలన్నది పతంజలి పెట్టిన నియమం, దానికి మించి వంగాలనే పట్టుదల ఈ అభ్యాసంలో అక్కర్లేదు. గర్భిణులు పొట్ట మీద పడుకునేవి వదిలేయాలి. బీపీ అదుపులో లేనివారు, కంటిలో ఒత్తిడి జబ్బు ఉన్నవారు తల కిందికి ఉండేవి వేయకూడదు.

ఆసనాలు వేస్తున్నంతసేపూ చేయవలసిన మానసిక పని ఒకటుంది, వ్యాయామానికీ యోగాకూ తేడా అక్కడే వస్తుంది. భుజంగాసనంలో మూడో శ్వాస దగ్గర నడుం కాస్త లాగుతుంది. వెంటనే మనసు "నా వల్ల కాదు" అంటుంది, లేదా "పక్కావిడ బాగా వేస్తోంది" అంటుంది. ఆ మాటను పట్టుకోండి. జంబుఖానా మీద వినబడే ఆ గొంతే ఆఫీసులోనూ, పెళ్లిళ్లలోనూ, పరీక్ష హాల్లోనూ మాట్లాడుతుంది. ఇక్కడ ప్రమాదమేమీ లేదు కనుక దాన్ని నింపాదిగా వినగలం. అభ్యాసం అయ్యాక ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా పుస్తకంలో రాసుకోండి. మూడు నాలుగు రోజుల్లోనే అదే వాక్యం మళ్లీ మళ్లీ కనబడుతుంది.

ఊపిరి విషయంలో ఒక్క అభ్యాసం చాలు. ముక్కుతో 4 అంకెలు లెక్కపెడుతూ లోనికి, 6 అంకెలు లెక్కపెడుతూ బయటికి, మధ్యలో బిగపట్టకుండా. అంకెకు ఒక సెకను చొప్పున నిమిషానికి 6 శ్వాసలు అవుతాయి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు పీలుస్తారు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, దాన్ని తగ్గించేది మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి. వదలడాన్ని పొడిగించడం వల్ల ఆ నెమ్మదింపు చర్యకు ఎక్కువ సమయం దొరుకుతుంది. పది నిమిషాలు చేయండి. ఆరు అంకెలు కష్టమైతే 3 లోనికి, 4 బయటికి. ఒక చేయి పొట్ట మీద పెట్టుకుంటే అది లేవడం, దిగడం తెలుస్తుంది. పొట్ట కదలకుండా భుజాలు మాత్రమే లేస్తుంటే ఇంకా బుగులు శ్వాసలోనే ఉన్నారని అర్థం. భ్రామరి, అంటే ఊపిరి వదులుతూ తుమ్మెదలా ఝుమ్మనే శ్వాస, ఇష్టమైనవారు చివర ఐదుసార్లు చేయవచ్చు.

భస్త్రిక, కపాలభాతి వంటి వేగశ్వాసలను ఆందోళనతో బాధపడేవారికి నేను నేర్పను. వేగంగా, లోతుగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం జరుగుతాయి. బుగులు పట్టినప్పుడు వచ్చే లక్షణాలు సరిగ్గా అవే కావడంతో మనిషి మరింత బెదిరిపోతాడు. బీపీ, గుండెజబ్బు, ఫిట్స్, హెర్నియా ఉన్నవారు కూడా వాటి జోలికి పోకూడదు.

కళ్లు మూయడం గురించి ఒక మాట చెప్పాలి, ఇది నేను పొరపాటు చేసి నేర్చుకున్నది. బోధన మొదలుపెట్టిన తొలి రోజుల్లో శవాసనంలో అందరినీ కళ్లు మూసుకోమనేవాడిని. కొత్తవాడ నుంచి వచ్చే ఒకావిడ రెండో రోజు లేచి కూర్చుని, "కండ్లు మూస్తే ఇంకింత బుగులైతున్నది సార్" అన్నారు. "అలవాటైతది అమ్మా, పడుకోండి" అన్నాను. ఆమె మళ్లీ పడుకున్నారు. ఐదు నిమిషాలకు జంబుఖానా అంచును రెండు చేతులతో పట్టుకుని వణుకుతూ కనిపించారు. ఆ ఏడాదే కళ్లెదుట జరిగిన ఒక ప్రమాదం ఆమెకు కళ్లు మూసినప్పుడల్లా తిరిగి వస్తోందని తర్వాత తెలిసింది. ఆమె చెప్పినప్పుడే నేను వినవలసింది. బలమైన భయానుభవం ఉన్నవారు కళ్లు తెరిచి, గోడకు వీపు ఆనించి కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, కనబడే ఐదు వస్తువుల పేర్లు మెల్లగా చెప్పుకుంటూ శ్వాస చేయాలి. లోపలికి చూడటం అందరికీ మొదటి రోజే మేలు చేయదు. అలాంటి జ్ఞాపకాలు వేధిస్తున్నవారికి శిక్షణ పొందిన సైకాలజిస్టు తోడు అవసరం, యోగా మాస్టరు ఒక్కరే చాలరు.

నాలుగో వారం నుంచి: ఆలోచనను పరీక్షించడం

శ్వాస ముగియగానే, లేవకుండా, పుస్తకం ఒళ్లో పెట్టుకోండి. మనసు చెప్పే ప్రతి మాటా నిజం కాదని గుర్తించగలిగే శక్తి శ్వాస తర్వాతి పది నిమిషాల్లో ఎక్కువగా ఉంటుంది. ఎలా రాయాలో చెప్పడం కన్నా ఒక పేజీ చూపించడం మేలు.

గ్రూప్స్‌కు చదువుతూ నయీంనగర్‌లో అద్దె గదిలో ఉండే ఒక అబ్బాయి రాత్రి మూడింటికి మెలకువ వచ్చి నిద్రపట్టని స్థితిలో నా దగ్గరికి వచ్చాడు. అతను రాసిన పేజీ ఇలా ఉంది. సందర్భం: రాత్రి 3 గంటలు, పక్కమంచంలోని స్నేహితుడు లైటేసుకుని చదువుతున్నాడు. ఒళ్లు: గుండెదడ, అరచేతుల్లో చెమట. ఆలోచన: "ఈసారి కొలువు రాకుంటే ఊళ్లె మొఖం చూపెట్టలేను." నమ్మకం: నూటికి 95. ఇంతవరకు రాయడం ఎవరికైనా వస్తుంది, కష్టమంతా తర్వాతి గడిలో ఉంది. ఆ ఆలోచనకు సాక్ష్యం ఏమిటి, దానికి ఎదురు సాక్ష్యం ఏమిటి? అతను ఎదురు సాక్ష్యం గడిని ఖాళీగా వదిలాడు.

"మీ ఊళ్లె ఇంతకుముందు ఎవరికన్నా రాలేదా బిడ్డా?" అని అడిగాను.

"ఇద్దరికి రాలే సార్."

"వాళ్లు ఊళ్లెకు పోతలేరా?"

కాసేపు ఆలోచించాడు. "పోతుండ్రు. రెండు రోజులు అడిగిండ్రు సార్, తర్వాత ఎవని పని వానిదే."

ఆ వాక్యాన్నే ఖాళీ గడిలో రాయించాను. తర్వాత అతను కొత్త ఆలోచన రాశాడు: "రాకుంటే బాధైతది, నాలుగు రోజులు అడుగుతరు, అమ్మ ఏడుస్తది. అయినా ఊళ్లెకు పోతనే." పాత ఆలోచన మీద నమ్మకం ఇప్పుడెంత అంటే 60 అన్నాడు. అది సున్నా కావాలని నేను ఆశించలేదు, మీరూ ఆశించవద్దు. "అంతా మంచే జరుగుతుంది" అని రాసుకుంటే మనసు నమ్మదు. నమ్మగలిగినంత మేరకు నిజమైన వాక్యం కావాలి. బాధించే ఆలోచన వచ్చినప్పుడు దానికి ప్రతిపక్షాన్ని భావించమని పతంజలి చెప్పిన ప్రతిపక్షభావనను ఈ పేజీ పక్కన పెట్టి చూడండి. సూత్రం ప్రధానంగా హింస వంటి చెడు తలపుల గురించి చెప్పినదే అయినా, తలపును తరిమికొట్టకుండా దాని పర్యవసానాన్ని ఆలోచించి ఎదురు తలపును నిలబెట్టే పద్ధతి రెండింటిలోనూ కనిపిస్తుంది.

అయితే అన్ని రందులూ ఆలోచనలోని పొరపాట్లు కావు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలుకొచ్చి ధర చూసి కూలబడిన రైతుకు, "మీ ఆలోచన మార్చుకోండి" అని చెప్పడం అన్యాయం. ఆయన లెక్క సరిగ్గానే ఉంది, బాధ కూడా సరిగ్గానే ఉంది. అలాంటిచోట పేజీని రెండుగా విడదీయాలి. ఒకవైపు ఈ వారం చేయగలిగిన పనులు రాయాలి: బ్యాంకుకు వెళ్లి వాయిదా గురించి మాట్లాడటం, ఇంట్లో భార్యకు అప్పు మొత్తం ఎంతో దాచకుండా చెప్పడం, వ్యవసాయ అధికారిని కలవడం. రెండోవైపు తన చేతిలో లేనివి రాయాలి. శ్వాస ఆయన అప్పు తీర్చదు. రాత్రి నిద్ర పట్టించి, పొద్దున బ్యాంకు మేనేజరు ముందు గొంతు వణక్కుండా మాట్లాడే స్థిమితాన్ని ఇస్తుంది. యోగా నుంచి అంతకు మించి వాగ్దానం చేసేవారిని నమ్మవద్దు.

ఆరో వారం నుంచి: పని

బుగులు పట్టినవారు బుగులు పుట్టించేవాటిని తప్పించుకుంటారు, రంది పట్టినవారు ఇష్టమైనవాటిని కూడా మానేస్తారు. తప్పించుకున్నకొద్దీ భయం పెరుగుతుంది, మానేసినకొద్దీ మనసు మరింత మొద్దుబారుతుంది. అందువల్ల వారానికి రెండు చిన్న పనులు ముందే రాసిపెట్టుకోవాలి. ఒకటి తప్పించుకుంటున్నది, రెండోది ఒకప్పుడు సంతోషం ఇచ్చినది. బస్సెక్కాలంటే భయపడేవారు మొదటి వారం హన్మకొండ బస్టాండులో పది నిమిషాలు కూర్చుని 4, 6 శ్వాస చేసి తిరిగి రావచ్చు. తర్వాతి వారం ఒక్క స్టేజీ దూరం ప్రయాణించవచ్చు. భయం కాస్తయినా దిగేదాకా అక్కడే ఉండాలి, పెరుగుతున్నప్పుడు పారిపోతే భయమే గెలుస్తుంది. రెండో రకం పనికి ఖర్చు అవసరం లేదు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద స్నేహితురాలితో కలిసి నడవడం, మానేసిన ముగ్గులు వేయడం, భద్రకాళి గుడికి వెళ్లి తొందరపడకుండా కూర్చోవడం వంటివి చాలు. మనసు కలిగాక చేద్దామని ఆగవద్దు. ముందు చేస్తేనే తర్వాత మనసు కలుగుతుందని ఈ స్థితిలో ఉన్నవారి విషయంలో గట్టిగా చెప్పగలను.

మధ్యలో రోజులు తప్పిపోతాయి. పెళ్లిళ్లు, పొలం పనులు, పిల్లల జ్వరాలు ఉంటాయి. అలాంటి రోజున ఐదు నిమిషాల శ్వాస, ఒక్క వాక్యం చాలు. తప్పిన రోజుకు శిక్షగా మర్నాడు రెట్టింపు చేయడం మాత్రం వద్దు.

ఎప్పుడు ఆగి సాయం అడగాలి

రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగానే గడుస్తున్నా, నిద్ర, ఆకలి బాగా తగ్గినా, పనికి వెళ్లలేకపోతున్నా, ఇంట్లో ఎవరికీ వినబడని మాటలు వినబడుతున్నా, మద్యం లేకుండా సాయంత్రం గడవకపోతున్నా మానసిక వైద్యుణ్ని కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే వారాలు లెక్కపెట్టవద్దు, ఆ రోజే ఒక మనిషికి చెప్పండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ ద్వారా రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన సేవ ఇది. ప్రాణాపాయం ఉంటే 108కి ఫోన్ చేయాలి. ఇంట్లో పురుగుల మందు డబ్బాలుంటే ఆ రోజే పక్కింట్లో పెట్టించండి. ఆ తీవ్రత ఉన్న కొన్ని గంటల్లో అవి చేతికి అందకుండా ఉంటే ప్రాణం నిలబడే అవకాశం ఉంటుంది.

డాక్టరు దగ్గర చాలామందికి నోట మాట రాదు. "నిద్ర పడతలేదు సార్" అని మాత్రమే చెప్పి, ఒక చీటీతో బయటికి వస్తారు. మీరు వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్లండి, గత పదిహేను రోజుల పేజీలు తెరిచి ఆయన ముందు పెట్టండి.